ఇరవై నలుగురు పిల్లలకు పన్నెండు కుర్చీలు: ఒకటి, రెండు తరగతుల గదికి కొన్న బల్లల సమీక్ష

మా బడిలో చదువుకున్న పాత విద్యార్థులు కిందటి వేసవిలో చందాలు వేసుకుని 60,000 రూపాయలు తెచ్చి ఇచ్చారు. "చిన్నపిల్లల గదికి ఏం కావాలో మీరే చూసి కొనండి టీచర్ గారూ" అన్నారు. ఆ డబ్బుతో కొన్న బల్లలు, కుర్చీలు, పుస్తకాల అర ఒక విద్యా సంవత్సరం పూర్తిగా వాడాను. ఏవి పనికొచ్చాయో, ఏవి రాలేదో, మళ్ళీ కొనవలసి వస్తే ఏం చేస్తానో రాస్తున్నాను. అమ్మిన సంస్థ పేరు చెప్పడం లేదు. నేను విచారించిన మూడు చోట్లా ఇదే నమూనా చూపించారు కాబట్టి, పేరు కంటే కొలతలే చదివేవారికి ఎక్కువ ఉపయోగం.

మాది గోదావరి కాలువ పక్కన చిన్న ప్రాథమిక పాఠశాల. పిల్లలు 51 మంది, టీచర్లం ఇద్దరం. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం 60 మంది వరకు ఇద్దరే. మూడు, నాలుగు, అయిదు తరగతులు హెచ్‌ఎం గారు చూస్తారు. ఒకటి, రెండు నావి. ఒకటిలో 11 మంది, రెండులో 13 మంది, అందరూ ఒకే గదిలో. గది 20 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. నాపరాళ్ళ నేల. తూర్పున తలుపు, దక్షిణాన రెండు కిటికీలు, పడమటి గోడకు పచ్చ బోర్డు.

ఇంతకుముందు ఈ గదిలో ఇనుప చట్రానికి బిగించిన ఇద్దరు కూర్చునే బల్లలు ఉండేవి. నాలుగో తరగతి పిల్లలకు అవి బాగానే ఉంటాయి. అయిదేళ్ళ పిల్లవాడు వాటి మీద కూర్చుంటే కాళ్ళు గాలిలో వేలాడతాయి. కాళ్ళు నేలకు ఆనకపోతే వాడు ముందుకు జారతాడు, మోకాళ్ళ మీద లేస్తాడు, ఒక కాలు మడిచి దాని మీద కూర్చుంటాడు. పది నిమిషాల్లో పక్కవాడి మీద పడతాడు. దాన్ని అల్లరి అని మనం కేకలు వేస్తాం. పాతికేళ్ళ ఉద్యోగంలో నేను వేసిన అలాంటి కేకల్లో సగమైనా బల్లలను అనవలసినవని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

అందుకే కొనడానికి ముందు, ఏప్రిల్‌లోనే, పిల్లలను గోడకు నిలబెట్టి కొలిచాను. జూన్‌లో అంగన్‌వాడీ నుంచి రాబోయేవారిని కూడా తల్లులతో పిలిపించి కొలిచాను. అందరిలోకీ పొట్టి పాప ఎత్తు 104 సెంటీమీటర్లు, పొడుగు అబ్బాయి 127. ఎత్తు ఒక్కటే చాలదు. మోకాలి వెనక మడత నుంచి మడమ వరకు ఎంత ఉందో కూడా చూడాలి, ఎందుకంటే కుర్చీ ఎత్తు దాన్ని బట్టే ఉండాలి. మా పిల్లలకు అది 26 నుంచి 32 సెంటీమీటర్ల వరకు వచ్చింది. ఈ లెక్కతో కుర్చీ కూర్చునే చోట 12 అంగుళాలు, అంటే సుమారు 30 సెంటీమీటర్లు, బల్ల 22 అంగుళాలు ఉంటే ఎక్కువమందికి సరిపోతుందని తేల్చుకున్నాను. చిన్నపాపలు నలుగురికి మాత్రం కాళ్ళ కింద చెక్కముక్క కావాలి.

కొన్నవి ఇవి: సమలంబ చతుర్భుజం ఆకారంలో ఉండే బల్లలు 8, ఒక్కొక్కటి 3,900 రూపాయలు. చిన్న ప్లాస్టిక్ కుర్చీలు 24, ఒక్కొక్కటి 850. మూడు వరుసల పుస్తకాల అర ఒకటి, 7,400. రవాణాకు 2,500. మొత్తం 61,500 అయింది. పైన తగ్గిన 1,500 మేమిద్దరం టీచర్లం వేసుకున్నాం.

సరుకు జూన్ ఆఖరి వారంలో దిగింది. బల్లలు 24 అంగుళాల ఎత్తున్నాయి. రెండు అంగుళాలే కదా అనిపిస్తుంది. కానీ 12 అంగుళాల కుర్చీలో కూర్చున్న ఒకటో తరగతి పాపకు బల్ల చంకల దాకా వచ్చింది. మోచేయి ఆనించాలంటే భుజం పైకెత్తాలి. రాయడం అప్పుడే నేర్చుకుంటున్న చేతికి అంతకంటే అన్యాయం లేదు. ఫోను చేస్తే "అందరికీ ఇదే సైజు పంపుతాం మేడమ్, పిల్లలు పెరుగుతారు కదా" అన్నారు. పిల్లలు పెరిగి మూడో తరగతికి వెళ్ళిపోతారు, నా గదికి మళ్ళీ చిన్నవాళ్ళే వస్తారు. అయిదు వారాలు, లెక్కలేనన్ని ఫోన్ల తరువాత ఒక మనిషిని పంపి ఎనిమిది బల్లల ఇనుప కాళ్ళూ రెండేసి అంగుళాలు కోయించారు. కొత్త డబ్బు అడగలేదు, ఆ మేరకు వారి మాట నిలబెట్టుకున్నారు. కోసిన చోట రంగు వేయలేదు. మేమే తుప్పు పట్టని రంగు తెచ్చి పూశాం. కొనేవారికి నా విన్నపం: ఆర్డరు కాగితం మీద ఎత్తు అంకెల్లో రాయించుకోండి, నోటిమాటగా వదలకండి.

ఇక బల్ల గుణం. ఈ ఆకారాన్ని ఎవరు ఆలోచించారో గానీ చిన్నపిల్లల గదికి దీనికి మించినది నేను చూడలేదు. మూడు భుజాలు రెండేసి అడుగులు, నాలుగోది నాలుగడుగులు. పొడుగు భుజాలు ఆనించి రెండు బల్లలు కలిపితే షడ్భుజి వస్తుంది, చుట్టూ ఆరుగురు కూర్చుంటారు. విడదీసి గోడకు ఆనిస్తే ముగ్గురు కూర్చుని బొమ్మలు వేసుకుంటారు. ఇద్దరు పిల్లలు చెరోవైపు పట్టుకుంటే ఒక బల్ల జరుగుతుంది, నేను చేయి వేయనక్కర్లేదు. వాళ్ళే జరిపి, వాళ్ళే కలిపి, "టీచర్, ఆరు మూలలు వచ్చాయి" అని వచ్చి చెప్పడం నాకు ఆ ఏడాదిలో బాగా గుర్తుండిపోయిన రోజు.

బల్ల భుజాలు ఏటవాలుగా ఉండటం వల్ల ఇంకో మేలు జరిగింది. రెండో తరగతిలో ఒక పాప ఎడమ చేత్తో రాస్తుంది. పాత బల్లల మీద కుడివైపు కూర్చుంటే పక్క పాప మోచేతికి ఈమె మోచేయి తగిలి రోజూ తగవే. షడ్భుజి చుట్టూ ఒక్కొక్కరూ వేరే దిక్కుకు తిరిగి ఉంటారు కాబట్టి మోచేతులు కలవవు. ఆ తగవు మొదటి వారంలోనే ఆగిపోయింది. ఎడమచేతి పిల్లలను "కుడిచేత్తో రాయి" అని బలవంతపెట్టే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. చెయ్యి మార్చడం కంటే కూర్చునే చోటు మార్చడం తేలిక, న్యాయం కూడా.

లోపాలూ ఉన్నాయి. మొదటిది మూలలు. ఒంటరిగా ఉంచినప్పుడు పొడుగు భుజం చివర రెండు కొసలూ సూదిగా, 60 డిగ్రీల కోణంలో బయటికి వస్తాయి. పరుగెత్తే పిల్లవాడు తూలి పడితే కంటికో చెంపకో తగిలేవి అవే. జూలైలో ఒక బాబుకు నుదుటి మీద బొప్పి కట్టింది. ఆ సాయంత్రమే పాత సైకిలు ట్యూబు ముక్కలు కోసి ఆ కొసలకు మేకులు పైకి రాకుండా బిగించాం. కొనేటప్పుడే గుండ్రంగా తీసిన మూలలు అడగండి. జత కలిపి ఉంచితే ఈ సమస్య ఉండదు, రెండు సూది కొసలూ కలిసి 120 డిగ్రీల మొద్దు మూల అవుతుంది.

రెండోది, ఆ జత కలిసి నిలవదు. పిల్లలు ఆనుకోగానే బల్లలు రెండువైపులా జారి మధ్యలో సందు పడుతుంది. ఆ సందులోంచి పెన్సిళ్ళు, బలపాలు, రబ్బర్లు కిందికి రాలతాయి, వాటి వెంట పిల్లలు బల్ల కిందికి దూరతారు. ఊళ్ళో వడ్రంగి గారిని పిలిస్తే చూసి, "దీనికంత ఆలోచన ఎందుకమ్మా, కిటికీ కొక్కెం చాలు" అని బల్ల అడుగున కొక్కెం, రింగు బిగించారు. జతకు 60 రూపాయలు. తయారీదారులే ఆ పని చేసి పంపవచ్చు.

అంచుల పట్టీ గురించి ఒక్క మాట. నవంబరు నాటికి రెండు బల్లలకు ఊడడం మొదలైంది. ఊడిన పట్టీని చూస్తే అయిదేళ్ళ వేళ్ళు ఊరుకోవు, మొత్తం లాగేస్తాయి. జిగురు పెట్టి అతికించినా నిలవలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఎనిమిది బల్లలూ జతలుగా కలిపి నాలుగు గుంపులు వేశాను. షడ్భుజి ఒక్కటి నాలుగడుగులే, కానీ చుట్టూ కుర్చీలు వెనక్కి జరపడానికి చోటు కలిపితే ఎనిమిది అడుగులు పట్టింది. నాలుగు గుంపులకు గది నిండిపోయి ఒక పక్క నాలుగడుగుల సందు మాత్రం మిగిలింది. ఆరుగురేసి నాలుగు గుంపులు, చక్కగా, ఫొటోకు ముచ్చటగా ఉంది. చూడటానికి వచ్చినవారంతా మెచ్చుకున్నారు. పది రోజులు బోధించి చూస్తే నాకు మనసు కుదుటపడలేదు.

మొదట బోర్డు. షడ్భుజి చుట్టూ కూర్చుంటే కొందరి వీపు బోర్డు వైపు ఉండక తప్పదు. షడ్భుజి భుజం ఒకటి బోర్డు వైపు తిప్పి పెడితే ఒకరి వీపు పూర్తిగా, ఇద్దరి వీపు సగానికి పైగా అటే. మూల బోర్డు వైపు తిప్పి పెడితే ఇద్దరికే ఆ ఇబ్బంది. అందుకని మూలలు తిప్పాను. ఆ ఇద్దరు మాత్రం మెడ మెలితిప్పి అక్షరం చూసి, మళ్ళీ తిరిగి రాసే లోపల సగం అక్షరం మరిచిపోతున్నారు. 'క్ష' రాయవలసిన చోట 'క' కింద ఏదో గీత కనిపించేది. ఆ రెండు కుర్చీలూ తీసేశాను. అప్పుడు గుంపుకు నలుగురే.

మరి మిగిలినవారు? ఆ ప్రశ్నే నాకు దారి చూపింది. ఒకటో తరగతికి నేను పక్కన కూర్చుని చదివిస్తున్నప్పుడు రెండో తరగతి వాళ్ళు బల్లల దగ్గర రాసుకుంటారు. వాళ్ళకు లెక్కలు చెప్పేటప్పుడు వీళ్ళు బల్లల దగ్గర బొమ్మలు, మట్టి ముద్దలు, పూసలు. ఒకే టీచరు ఉన్న రెండు తరగతుల గదిలో 24 మందికీ ఒకేసారి బల్ల అవసరమయ్యే గడియ రోజు మొత్తంలో లేదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం వారి బడి ఒకసారి చూసే అవకాశం నాకు కలిగింది. అక్కడ పిల్లలు మెట్లు మెట్లుగా పేర్చిన పాఠాలను ఎవరికి వారు దాటుకుంటూ, పాఠాల కార్డులు తీసుకుని చాపల మీద గుంపులుగా కూర్చుంటారు. టీచరు దగ్గర ఒక గుంపు, తోటి పిల్లల సాయంతో నేర్చుకునే గుంపు, సొంతంగా చేసుకునే గుంపు. చూసి వచ్చి మెచ్చుకున్నాను గానీ, ఆ గదిలో నేల ఎందుకంత ఖాళీగా ఉందో అప్పుడు ఆలోచించలేదు.

ఆగస్టులో ఒక జత బల్లలు గదిలోంచి తీసేశాను. మూడు షడ్భుజులు, ఒక్కొక్కదానికి నాలుగు కుర్చీలు, పన్నెండు మందికి చోటు. ఖాళీ అయిన మూల, ఆ పక్క సందు కలిపి పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పున్న నేల దొరికింది. దాని మీద తుంగచాపలు పరిచాం. జంబుఖానా అయితే మెత్తగా ఉంటుంది కానీ మా వైపు వానాకాలంలో చెమ్మ పట్టి వాసన వేస్తుంది, ఉతికితే రెండు రోజులు ఆరదు. తుంగచాప దులిపి ఎండలో వేస్తే గంటలో సిద్ధం. నేల మీద రాసుకోవడానికి వడ్రంగి గారితో పది అంగుళాల ఎత్తు మామిడి చెక్క పీటలు ఆరు చేయించాను, ఒక్కొక్కటి 450. ఈ ఏడాది గదిలోకి వచ్చిన వస్తువుల్లో పెట్టిన డబ్బుకు అన్నిటికంటే ఎక్కువ పని చేసినవి ఈ పీటలే.

చాప చుట్టూ గోడకు, నేల నుంచి రెండడుగుల పైన మొదలుపెట్టి అడుగున్నర వెడల్పున నల్ల రంగు వేయించాను. తమిళనాడులో 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కృత్యాధార బోధనలో, అంటే పనులు చేస్తూ నేర్చుకునే పద్ధతిలో, పిల్లలకు ఇలాగే చేతికందే ఎత్తులో గోడబోర్డు ఉండేది. ఒక్కొక్కరికీ గీత గీసి పేరు రాసిచ్చాను. పలక మీద రాయడానికి మొండికేసే బాబు గోడ దగ్గర నిలబడి రోజూ రాస్తాడు. నిలబడి, చేయి మొత్తం తిప్పి రాస్తే అక్షరం గుండ్రంగా వస్తుంది. 'అ' నేర్పడానికి ఇంతకంటే మంచి పరికరం ఏ దుకాణంలోనూ లేదు.

కుర్చీల మీద ఎక్కువ చెప్పవలసింది లేదు. తేలిక, గట్టివి, ఒక్కటీ విరగలేదు. అడుగున రబ్బరు తొడుగులు రెండు నెలల్లో అరిగిపోయాయి. నాపరాయి మీద కుర్చీలు జరిపితే వచ్చే రాపిడికి పక్క గదిలో హెచ్‌ఎం గారి పాఠం ఆగిపోయేది. తొడుగులు విడిగా కొని వేశాం. సంఖ్య సగమయ్యాక శబ్దమూ సగమైంది. మిగిలిన పన్నెండు కుర్చీలు అంగన్‌వాడీకి ఇచ్చాం.

పుస్తకాల అర మాత్రం కొనవద్దనే చెబుతాను. చెక్కపొట్టు అతికించి పైన నిగనిగలాడే కాగితం వేసిన పలక అది. ఎత్తు బాగుంది, మూడడుగులు. పుస్తకాలు వీపు కాకుండా ముఖం కనబడేలా పెట్టుకోవచ్చు, చదవడం రాని పిల్ల అట్ట మీద బొమ్మ చూసి పుస్తకం ఎంచుకుంటుంది. నమూనా చాలా మంచిది. కానీ బడి గది వారానికి రెండుసార్లు నీళ్ళు పోసి కడుగుతారు. ఆగస్టు వానలు వచ్చేసరికి అడుగు పలక బూరెలా ఉబ్బింది, సెప్టెంబరుకు మేకులు పట్టు వదిలాయి. ఫిర్యాదు చేస్తే "నీళ్ళు తగలకూడదని కాగితంలో ఉంది" అన్నారు. ఉంది నిజమే, బిల్లు వెనక సన్న అక్షరాల్లో. నీళ్ళు తగలని బడి గది మా జిల్లాలో ఉందా? ఇప్పుడు ఇటుకల మీద నిలబెట్టి, అడుగు వరుస ఖాళీగా ఉంచి వాడుతున్నాం.

డబ్బు పెట్టకుండా చేసినవి కూడా చెప్పాలి, ఎందుకంటే బల్లల కంటే కొన్నిసార్లు అవే ఎక్కువ పని చేశాయి. నేను ఉద్యోగంలో చేరిన తొలి బడిలో ఒక పెద్ద టీచరు గారు ఉండేవారు. ఉమ్మడి రాష్ట్రంలో 1990లలో బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టులో శిక్షణ పొందినవారు. ఆ ప్రాజెక్టు ఆరు సూత్రాలూ ఆవిడకు కంఠస్థం. చివరిది, పిల్లల పనిని ప్రదర్శించి తరగతి గదిని ఆసక్తికరంగా తీర్చిదిద్దడం. "చార్టు నీ కళ్ళకు ఎదురుగా కాదు, వాళ్ళ కళ్ళకు ఎదురుగా కట్టు" అనేవారు. మన గదుల్లో చార్టులు ఇప్పటికీ కప్పు కింద వేలాడుతుంటాయి. నేను నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తున గోడ పొడవునా నైలాను తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పిల్లల కాగితాలు తగిలిస్తాను. తగిలించేది వాళ్ళే, తీసేదీ వాళ్ళే. అచ్చు చార్టులు నాలుగు మించి ఉంచను. గోడ నిండా బొమ్మలుంటే పిల్లల చూపు ఏ ఒక్కదాని మీదా నిలవదు.

వెలుతురు కూడా చూసుకోవాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న పిల్ల నీడ తన పుస్తకం మీదే పడుతుంది. దక్షిణం కిటికీల దగ్గరి జతలో అలాంటి కుర్చీ ఒకటి ఉంది. వారం వారం చోట్లు మార్చి ఎవరికీ అది శాశ్వతం కాకుండా చూస్తాను. చూపు కాస్త తక్కువగా ఉన్న ఒకటో తరగతి పాపను మాత్రం అక్కడ ఎన్నడూ కూర్చోబెట్టను. ఆమె చోటు చాప మీద, గోడబోర్డుకు మూడడుగుల దూరంలో.

చింతపిక్కలు, గవ్వలు, పదుల కట్టలు ఉంచే లెక్కల మూల పుస్తకాల మూలకు దూరంగా పెట్టండి. గవ్వలు గలగలలాడితే కథ చదివే పిల్ల లేచి అటు వెళుతుంది. నేను ఒక నెల రెండూ పక్కపక్కనే పెట్టి చూశాను, పుస్తకాలు ముట్టినవారు లేరు. నీళ్ళ సీసాలు, సంచులు తలుపు పక్కన. కాళ్ళకు ఊత పట్టీలు (కాలిపర్లు) కట్టుకుని నడిచే బాబు ఒకడున్నాడు, అతనికోసం తలుపు నుంచి చాప వరకు మూడడుగుల దారి ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. ఆ దారిలో సంచి పెడితే పిల్లలే కోప్పడతారు.

2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆటలే చదువుకు ఆధారం కావాలంటుంది. ఆట ఆడాలంటే నేల కావాలి. దాతలు, పంచాయతీలు, పూర్వ విద్యార్థులు "ఎంతమంది పిల్లలు?" అని అడిగి అన్ని కుర్చీలూ కొనిస్తున్నారు. వారి మంచి మనసుకు చేతులు జోడించి అడుగుతున్నాను, ఒకటి, రెండు తరగతుల వరకు సగం మందికే కొనండి. మాలాంటి గదికి ఆరు బల్లలు 23,400, పన్నెండు కుర్చీలు 10,200, మొత్తం 33,600 చాలు. నేను బల్లలకూ కుర్చీలకూ పెట్టింది 51,600. మిగిలే 18,000తో పీటలు, చాపలు, గోడకు రంగు, మంచి కథల పుస్తకాలు వచ్చేవి. మూడో తరగతి పైన లెక్క వేరు. అక్కడ రాత పని ఎక్కువ, అందరికీ బల్ల ఉండాలి. ఒక్కో తరగతికీ ఒక్కో టీచరు ఉన్న బడిలో కూడా నా లెక్క కొంత మారుతుంది.

బల్లలకు అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను, ఎత్తు సరిగా ఉండి మూలలు గుండ్రంగా తీసి ఉంటే అయిదూ వేసేదాన్ని. కుర్చీలకు నాలుగు. అరకు ఒకటి, అదీ పుస్తకం ముఖం చూపించే నమూనాకు. అమ్మకం తరువాతి సేవకు రెండు.

తీసేసిన జతలో ఒక బల్ల హెచ్‌ఎం గారి గదిలో మూడో తరగతి వాళ్ళు వాడుకుంటున్నారు, ఇంకొకటి మధ్యాహ్న భోజనం పళ్ళేలు పెట్టడానికి వసారాలో ఉంది. కొత్త అర వడ్రంగి గారు వేప చెక్కతో చేస్తున్నారు, జూన్‌లో బడి తెరిచే నాటికి ఇస్తానన్నారు. కిందటి వారం కొలతకు వచ్చినప్పుడు టేపు నా చేతికివ్వలేదు. అందరిలోకీ పొట్టి పాపను గోడ దగ్గర నిలబెట్టి, చెయ్యి పైకెత్తమని, వేలి కొస అందిన చోట పెన్సిలుతో గీత గీసుకుని వెళ్ళారు.